సాయంత్రం ఎవరి సొత్తు?

మా రోజుల్లో బడి వదిలాక పిల్లవాడు ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. ఈలోగా ఎక్కడున్నాడని వెతికే పని లేదు. ఉంటే గ్రౌండులో ఉంటాడు, లేకపోతే లైబ్రరీలో చందమామ కోసం కొట్లాడుతుంటాడు. ఆ రెండు చోట్లా గుమ్మంలో ఫీజు అడిగే మనిషి లేడు.

ఇప్పుడు మా మనవడికి సోమ, బుధవారాలు అబాకస్. మంగళ, గురువారాలు కరాటే. శనివారం డ్రాయింగు. ట్యూషన్ రోజూ ఉండనే ఉంది. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇన్ని చోట్ల హాజరు వేయించుకోలేదు. ఫీజుల మాట ఎత్తితే మా కోడలు, "ఇవన్నీ కావాలి కదా మామయ్యగారూ" అంటుంది. కావాలి తల్లీ, కాదన్నదెవరు? నా గొణుగుడు వాడి గురించి కాదు. మా వాచ్‌మన్ కూతురి గురించి.

ఆ పిల్ల మునిసిపల్ స్కూల్లో ఆరో తరగతి. తల్లి ఇళ్ళల్లో అంట్లు తోమి వచ్చేసరికి ఏడవుతుంది. అందాకా ఈ పిల్ల లిఫ్టు దగ్గర లైటు కింద మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో తమ్ముణ్ణి పెట్టుకుని, వాడి వీపు మీద నోట్సు ఆనించి రాసుకుంటుంది. ఎవరైనా దిగితే అన్నీ సర్దుకుని గోడవారకి జరుగుతుంది. మొన్న భిన్నాల లెక్క దగ్గర ఆగిపోతే కూర్చుని చెప్పాను. "లైబ్రరీకి పోరాదుటే?" అన్నాను. "అక్కడ పెద్దోళ్ళు పరీక్షలకి చదువుకుంటారు తాతగారూ, మేం పోతే అల్లరంటారు" అంది.

వెళ్ళి చూశాను. నిజమే. కుర్చీలన్నీ గ్రూప్స్ వాళ్ళవీ, డీఎస్సీ వాళ్ళవీ. పాపం, వాళ్ళకి మాత్రం ఇంకెక్కడుంది చోటు? బాలల పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

మరి మనం డబ్బు కట్టడం లేదా? ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కడుతూనే ఉన్నాం. మునిసిపాలిటీలూ పంచాయతీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. వసూలు ఠంచనుగా జరుగుతుంది. జమ దగ్గరికి వచ్చేసరికి బకాయి. ఇది నిన్నామొన్నటి జబ్బు కాదు. అలాగని డబ్బొక్కటే అడ్డమనుకోకండి. ఈ చట్టమూ సెస్సూ పుట్టక మునుపే, 1935లో, పాతూరి నాగభూషణం గారు పెదపాలెంలో పడవ మీద పుస్తకాలు వేసుకుని కాలువ వెంట ఊళ్ళకి పంపించారు. ఆనాడు పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఇప్పుడు పిల్లే వెళ్ళినా దొరకదు.

అలాగని మా రోజులన్నీ బంగారమని చెప్పను. ఆ గ్రౌండులో మా అక్కచెల్లెళ్ళు లేరు. వాళ్ళు బడి నుంచి తిన్నగా వంటింట్లోకే. దళితవాడ పిల్లలు లైబ్రరీ అరుగు ఎక్కడానికే జంకేవారు. ఇవాళ ఆ పిల్లలందరూ బడికి వస్తున్నారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. మంచిదే. అందరూ వచ్చే రోజులొచ్చాక, బడి వదలగానే గేటుకి తాళం పడుతోంది. అదీ నా కడుపుమంట. బడి అన్నాక ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఉన్న గ్రౌండు కూడా సాయంత్రం పిల్లలకి కాకపోతే ఇంకెవరికి?

సర్కారుకి సాయంత్రం గుర్తురాదని కాదు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయంటే స్పెషల్ క్లాసులంటారు, అల్పాహారం అంటారు. ఉత్తీర్ణత శాతం పేపర్లో పడుతుంది కదా! ఆ అల్పాహారం డబ్బు అందకపోతే మాస్టార్లే చందాలేసుకుని ఉడికించిన శనగలు పెట్టిన బళ్ళున్నాయి. ఆరో తరగతి పిల్ల శాతం ఏ పేపర్లోనూ పడదు. అందుకే ఆవిడగారికి మెట్లు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో 1966లో జవహర్ బాలభవన్ పెట్టినప్పుడు, బడయ్యాక పిల్లలకి పాటా ఆటా నేర్పించడం కూడా సర్కారు పనేనని ఒప్పుకున్నట్టే కదా. ఆ పని పేట పేటకీ ఎందుకు రాలేదు?

కొత్త పథకం వద్దు, కొత్త పేరు వద్దు, పైన ఎవరి ఫొటో వద్దు. గదులున్నాయి, గ్రౌండుంది, సెస్సుంది. ఏడింటిదాకా గేటు తెరిచి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆ పేట పిల్లనే జీతమిచ్చి కూర్చోబెట్టండి. పిల్లలకి గుప్పెడు శనగలు పెట్టండి. ఈసారి ఇంటిపన్ను కట్టేటప్పుడు నా 8 పైసలు ఎటు పోయాయని కౌంటర్లో కుర్రాణ్ణి అడగబోతున్నాను. వెనక క్యూలో వాళ్ళు ముసలాడి చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. వాళ్ళూ తలా ఒక మాట అడిగితే అది చాదస్తం కాదు, లెక్క అడగడమవుతుంది.