శనివారపు మెసేజ్‌కు టీకా తాత్పర్యం

మెదక్ జిల్లా కొలచారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టి వ్యాఖ్యానాలు చేశాడు. నాకా నియమం లేదు. మా మూలాల్లో రాసినదానికన్నా రాయనిదే ఎక్కువ.

అవతారిక: 1998లో సైబర్ టవర్స్ వెలసిన క్షేత్రం. శుక్రవారం సాయంత్రం 5.40. రాయదుర్గం మెట్రో అందుకుందామని బ్యాగు జిప్పు లాగుతున్న జట్టుకు మేనేజర్ టీమ్స్‌లో అనుగ్రహించిన వాక్యమిది.

మూలం: టీమ్, వి మైట్ హావ్ టు లాగిన్ టుమారో.

ప్రతిపదార్థం: టీమ్ = ఓ జట్టువారలారా; వి = మీరు (‘మేము’ కాదు, ‘మనము’ అంతకన్నా కాదు; పలికినవాడు రేపు షామీర్‌పేట రిసార్టులో ఉండును); మైట్ = తప్పక; హావ్ టు = వలసి; లాగిన్ = వీపీఎన్ ద్వారమున ప్రవేశించుట; టుమారో = మందవారమునందు (పేరుకు సెలవు).

తాత్పర్యం: రేపు పని ఉంది.

విశేషం: ‘మస్ట్’ అనకపోవడంలోనే ఉంది చాతుర్యమంతా. మస్ట్ అంటే ఆజ్ఞ అన్నవాడి నెత్తికే చుట్టుకుంటుంది. హావ్ టు అంటే అవసరం ఎక్కడినుంచో ఊడిపడింది: క్లయింటో, రిలీజో, మన గ్రహచారమో. మనకూ ‘రావాలి’ పక్కన ‘రావాల్సి ఉంటుంది’ ఉంది కదా, రమ్మన్నవాడు కనబడకుండా! వ్యాకరణంలో ఇది సెమీ మోడల్. చేసేది మోడల్ పని, నడక మాత్రం మామూలు క్రియది. మైట్ పక్కన మస్ట్ ఇమడదు, హావ్ టు ఒదిగి కూర్చుంటుంది. మస్ట్‌కు భూతకాలం లేదు, దీనికి ‘హ్యాడ్ టు’ ఉంది. సోమవారం నిట్టూర్చడానికి పనికొస్తుంది.

శంక: స్పానిష్ వారికి ఇది బోధపడునా?

సమాధానం: బాగా. వారి ‘టెనేర్ కే’ కూడా ‘కలిగి ఉండు’ అనే క్రియలోంచి పుట్టినదే. ‘ఆయ్ కే’ అని ఇంకొకటుంది, అందులో కర్తే ఉండడు. మా మేనేజర్ నేర్చుకోకపోవడం మా అదృష్టం. చిక్కల్లా వ్యతిరేకార్థంలో. మెక్సికో జట్టులో ఒకావిడ మావాడికి ‘యు మస్ట్ నాట్ జాయిన్ ద కాల్’ అని రాసింది. వాడు రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆవిడ అనుకున్నది ‘రానక్కర్లేదు’, పడింది ‘రాకూడదు’. ‘డోంట్ హావ్ టు’ అని ఉంటే పోయేది.

ఫలశ్రుతి: మూలానికి బదులుగా జట్టు తొమ్మిది బొటనవేళ్ళు సమర్పించినది. (ఏకలవ్యోపాఖ్యానం చూడుడు.)