డీఎల్‌టీఎస్ డేటాకు తలకిందుల సలహాలు

ప్రొద్దుటూరు వైఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీలోనో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో చదివి సెమీకండక్టర్ పరిశోధనలోకి అడుగు పెట్టే పిల్లల కోసం ఈ సలహాలు రాస్తున్నాను. సీనియర్లకు పెడదారి మాటల్లా వినిపిస్తాయి. అయినా పాటించండి.

అన్నిటికంటే ముందు సాఫ్ట్‌వేర్‌కు దొంగ డేటా ఇవ్వండి. 1974లో బెల్ ల్యాబ్స్‌లో డి.వి. లాంగ్ చెప్పిన డీఎల్‌టీఎస్ (డీప్ లెవెల్ ట్రాన్సియెంట్ స్పెక్ట్రోస్కోపీ) పద్ధతి మీకు తెలిసిందే. రివర్స్ బయాస్‌లో ఉన్న డయోడ్‌కు చిన్న పల్స్ ఇచ్చి ట్రాపులను, అంటే చార్జిని పట్టి ఉంచే లోపాలను, నింపుతాం. అవి ఖాళీ అవుతుంటే కెపాసిటెన్స్ మెల్లగా మారుతుంది. ఉష్ణోగ్రత మారుస్తూ పోతే, ఖాళీ అయ్యే వేగం మన రేట్ విండోతో (టీ1, టీ2 అనే రెండు కొలత సమయాలు నిర్ణయించే వేగంతో) కలిసిన చోట పీక్ వస్తుంది. ఇదంతా కంప్యూటర్‌లోనే పుట్టించవచ్చు. ఒకే క్యాప్చర్ క్రాస్ సెక్షన్ ఉన్న రెండు ట్రాపులు తీసుకోండి, ఒకటి 0.40, ఇంకొకటి 0.42 ఎలక్ట్రాన్ వోల్టులు. కొంచెం నాయిజ్ కలిపి ప్రోగ్రాంకు ఇవ్వండి. చాలాసార్లు రెండింటి పీకులూ కలిసిపోయి ఒక్కటే కనిపిస్తుంది, ట్రాపు శక్తిని చెప్పే అరీనియస్ గీత కూడా చక్కగా తిన్నగా వస్తుంది. గీత తిన్నగా ఉంది కదా అని ఒక్క ట్రాపే ఉందనుకోకూడదని అప్పుడు కళ్లారా తెలుస్తుంది. ట్రాన్సియెంట్‌ను వేగాలవారీగా విడదీసే లాప్లాస్ డీఎల్‌టీఎస్ వాడేవాళ్లకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. 1982లో ప్రొవెంచర్ ప్రచురించిన కాంటిన్ లాంటి ప్రోగ్రాంలో ఒక్క సెట్టింగ్ మారిస్తే ఒక పీక్ రెండవుతుంది, రెండు ఒకటవుతాయి. నిజం ముందే తెలిసిన డేటా మీద ఆ సెట్టింగ్ కుదుర్చుకోండి.

ఆ తర్వాత కూడా మీ సొంత డయోడ్ ముట్టుకోవద్దు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో గీటురాయి మీద కొత్త నగ గీత పక్కనే నాణ్యం తెలిసిన బంగారం గీత గీసి పోలుస్తారు. మీరూ ట్రాపు తెలిసిన డయోడ్‌ను ముందు కొలవండి. సీనియర్లు వృథా అంటారు, ద్రవ నత్రజని ఖర్చవుతుందంటారు. కానీ తెలిసినదానికి తప్పు జవాబు వస్తే, తెలియనిదానికి వచ్చిన జవాబును ఏ ధైర్యంతో అచ్చువేస్తాం?

ఉష్ణోగ్రతను పైకి మాత్రమే కాదు, కిందికీ తిప్పండి. సెన్సర్ ఉండేది స్టేజీ మీద, ట్రాపు ఉండేది డయోడ్‌లో. వేడెక్కేటప్పుడు డయోడ్ వెనకబడుతుంది, చల్లారేటప్పుడూ అంతే. రెండు స్వీపుల్లో పీకులు ఒకేచోట లేకపోతే వేగం తగ్గించండి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఫైల్లో ఉన్న ఉష్ణోగ్రతనే నమ్ముతుంది, ఆ తప్పు శక్తి లెక్కలోకి పోతుంది. 250 కెల్విన్ దగ్గర శక్తి 0.05 ఎలక్ట్రాన్ వోల్టులు తప్పితే క్యాప్చర్ క్రాస్ సెక్షన్ దాదాపు పదింతలు మారిపోతుంది. అందుకే ఆ సంఖ్యను మూడు దశాంశాలతో రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఒక్క విండోనైనా చేత్తో లెక్కగట్టండి. టీ1 ఒక మిల్లీసెకను, టీ2 రెండు మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 693 రావాలి. ప్రోగ్రాం వేరే సంఖ్య చూపిస్తే అక్కడే ఆగండి. అలాగే కెపాసిటెన్స్ మార్పు మొత్తం కెపాసిటెన్స్‌లో పదో వంతు దాటిందంటే ట్రాపుల సాంద్రతకు వాడే సులువు సూత్రం పక్కన పెట్టాల్సిందే.

శక్తి కలిసింది కదా అని ట్రాపుకు పేరు పెట్టవద్దు. జమ్మలమడుగు దగ్గర మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. అలాంటి పార్కుల సోలార్ పలకల్లో వాడే సిలికాన్‌కు ఇనుము శత్రువు. బోరాన్ కలిపిన సిలికాన్‌లో ఇనుము బోరాన్‌తో జంటకడుతుంది. ఆ జంట పీక్ మామూలు విండోలకు 77 కెల్విన్ కంటే కిందే వస్తుంది, ద్రవ నత్రజనితో అందదు. కాబట్టి శాంపిల్‌ను గట్టి వెలుగులో ఉంచి, చీకట్లోకి మార్చి వెంటనే కొలవండి. జంట విడిపోతే వేలెన్స్ బ్యాండ్‌కు 0.38 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఒంటరి ఇనుము పీక్ పెరుగుతుంది. చీకట్లోనే కొన్ని గంటలు వదిలేసి మళ్లీ కొలిస్తే అది తగ్గాలి. ఇలా పెరిగి తగ్గితేనే ఇనుమని రాయండి.

చివరగా, స్మూతింగ్ బటన్ జోలికి పోవద్దు. నాయిజ్‌తో ఉన్న ట్రాన్సియెంట్లను అలాగే దాచి, పేపర్ పంపేటప్పుడు విండోల జాబితా, స్వీపు వేగం, సెన్సర్ ఉన్న చోటు కూడా జతచేయండి.