నోట్లో పట్టని స్నేహం

దక్షిణ అమెరికా సిక్లిడ్ చేపలను పెంచాలనుకునేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ధర చూస్తారు. చూడాల్సింది నోరు. ఆ నోట్లో పట్టేదల్లా దాని లెక్కలో తిండి, పట్టనిది పొరుగు. ఈ ఒక్క సూత్రం ఒంటబడితే అక్వేరియం శాస్త్రం సగం వచ్చేసినట్టే. మిగతా సగం ఇంట్లోవాళ్లను ఒప్పించడం.

మేముండేది న్యూకాసిల్‌లో, హీటన్‌లో, టైన్‌సైడ్ ఫ్లాట్ అనే తరహా ఇంట్లో. అతుక్కుపోయిన ఇటుక ఇళ్ల వరస. పక్కపక్కనే రెండేసి వీధి తలుపులు: ఒకటి కిందివాళ్లది, ఒకటి మెట్లెక్కి పైకి వెళ్లేవాళ్లది. ఈ ఇళ్ల కాగితాలు ఇంకా విచిత్రం. చాలాచోట్ల కిందింటి అసలు హక్కు పైవాళ్ల పేర, పైయింటిది కిందివాళ్ల పేర ఉంటుంది. అంటే కింద ఉండే పెద్దావిడకు నేను ఓనర్ని, నాకు ఆవిడ ఓనరు. ఎవరు ఎవరి మీద అరవాలన్నా ఒక క్షణం ఆగి ఆలోచించుకోవాలి.

నేననుకున్న తొట్టి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 50. నిండితే 240 లీటర్లు. నీళ్లే 240 కిలోలు. అద్దాలు, ఇసుక, రాళ్లు, స్టాండు బరువు వేరే. ఇదంతా చెక్క నేల మీద, ఆవిడ టీవీ చూసే సోఫాకి సరిగ్గా పైన. దూలాలకు అడ్డంగా, బలమైన గోడవారనే పెడతానని బొమ్మ గీసి మరీ చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, “చేపలు మీ అబ్బాయిలాగా గెంతవు కదా?” అని అడిగింది. గెంతవన్నాను. అనుమతి దొరికిపోయింది.

అసలు రభస మా ఇంట్లో మొదలైంది. మా అబ్బాయికి ఆస్కార్ చేప కావాలి. కొట్లో అది అగ్గిపెట్టెంత ఉంది. తిండి పెట్టే మనిషిని గుర్తుపడుతుందట, అద్దం దగ్గరికొచ్చి హడావిడి చేస్తుందట. నిజమే. ఎదిగాక అడుగు పైనే ఉంటుందన్న సంగతి కూడా నిజమే. 40 సెంటీమీటర్ల వెడల్పులో అది వెనక్కి తిరగాలంటే మన ఊరి సందులోకొచ్చిన ఇసుక లారీలాగా ముందుకీ వెనక్కీ జరగాలి.

“అడుగున పాకే ఆ బుజ్జి కోరిడోరస్‌లతో పెడదాం నాన్నా, అవి దీని జోలికి రావు కదా” అన్నాడు. అవి రావు, ఇదే వాటి జోలికి వెళ్తుంది. మింగబోతే కోరిడోరస్ తన రెక్కల ముళ్లు నిక్కబొడుచుకుంటుంది. అది గొంతులో అడ్డం పడుతుంది. తిన్నదీ పోతుంది, తినబడ్డదీ పోతుంది. ఇలాంటి పొత్తులు మనం రాజకీయాల్లో చాలా చూశాం, ఇంట్లో కూడా ఎందుకన్నాను.

మా ఆవిడ ఎంపిక ఏంజెల్ ఫిష్. నల్ల చారల వెండి రెక్కలు, వాటి మధ్య ఎరుపూ నీలం మెరిసే నియాన్ టెట్రాల గుంపు.

“రెండూ అమెజాన్‌వే కదండీ. అక్కడ కలిసే ఉంటాయి కదా?”

“ఉంటాయి. రెండోవి మొదటిదాని కడుపులో.”

నియాన్ చూపుడువేలిలో ముప్పాతిక వంతు కూడా ఉండదు. పెరిగిన ఏంజెల్ అరచేయంత ఉంటుంది. పగలంతా ఎంతో మర్యాదగా తిరుగుతుంది. తెల్లారి లెక్కపెట్టుకుంటే నియాన్లు తగ్గి ఉంటాయి.

నాకేమో ర్యామ్ మీద మనసు. ఒరినోకో మైదానాల చేప, రెండంగుళాలకు కాస్త అటూ ఇటూ, ఒంటినిండా నీలి చుక్కలు. దీనికి 27 డిగ్రీల వేడినీళ్లు కావాలి. నియాన్‌కేమో అంత వేడి పడదు.

“చేపలకి 27, మనకి 18నా?” అంది మా ఆవిడ, గోడమీది థర్మోస్టాట్ వైపు చూస్తూ.

“మనకి స్వెటర్లున్నాయి.”

ఆ రాత్రి వంటలో ఉప్పు లేదు.

ఈ వాదన ఎన్నాళ్లు సాగిందంటే, ఖాళీ తొట్టిలో చుక్కచుక్కగా అమ్మోనియా వేస్తుంటే దాన్ని నైట్రైట్‌గానూ, ఆపైన నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి పట్టే వారాలన్నీ ఇందులోనే గడిచిపోయాయి. కొట్లో అమ్మాయి తొట్టి కొలతలు అడక్కుండా ఒక్క చేపను కూడా ఇవ్వదు. మా ఇంట్లో ఎవరూ ఆ కొలతలు వినరు.

అప్పుడు భీమవరం నుంచి మా మేనమామ వీడియోకాల్ చేశాడు. చెరువుల మనిషి. కెమెరాలో తొట్టి చూడగానే, “ఒరేయ్ అల్లుడా, ఇందులో ఏటి ఏస్తన్నావు? కేజీ ఎంత పలుకుద్ది?” అన్నాడు. ఇవి తినేవి కావు, దక్షిణ అమెరికావన్నాను.

“అయితే రూప్‌చంద్ ఏసెయ్. అదీ అక్కడిదేనంట కదా.”

అక్కడిదే. మన బజార్లో పులుసు ముక్కలుగా దొరికే రూప్‌చంద్ అమెజాన్, ఒరినోకో నదుల పాకు చేప, పిరానాకి దగ్గర చుట్టం. కిలోలకొద్దీ పెరుగుతుంది. దాన్ని పెంచితే తొట్టికి కాదు, కిందింటి సోఫాకి బీమా చేయించాలి.

మా గొడవంతా విని ఆయన తేలిగ్గా తేల్చేశాడు. “చెరువులో బొచ్చె పైన తింటది, శీలావతి మధ్యన తింటది, మృగాల అడుగున తింటది. ఒకదాని కంచంలో ఇంకోటి మూతెట్టదు. నువ్వు జాతి అడుగుతున్నావురా. అంతస్తు అడుగు.”

అడిగాను. అడుగు అంతస్తు కోరిడోరస్‌లలో వేడి ఓర్చుకునే స్టెర్బై రకానికీ, రాతి పక్కన ఒక మూల ర్యామ్ జంటకీ ఇచ్చాం. మొద్దు మీద పాచి గీక్కోవడానికి మూతినిండా మీసాలున్న బ్రిసిల్‌నోస్ ప్లెకో. మధ్యన నియాన్ బదులు ఎర్రమూతి రమ్మీనోస్ టెట్రాలు, అవీ బాగా ఎదిగినవి. గుంపు ధైర్యంగా బయట తిరుగుతుంటే బెరుకు సిక్లిడ్లు కూడా భయం లేదనుకుని బయటికొస్తాయి. ఏంజెల్స్‌ను చిట్టచివర, చిన్నపిల్లలుగా తెచ్చాం. నోరు చిన్నగా ఉన్నప్పుడే పరిచయమైతే, పెద్దయ్యాక కూడా ఏంజెల్స్ టెట్రాలను ఇరుగుపొరుగుగానే చూసే అవకాశం ఎక్కువ. నీళ్లు 27 డిగ్రీలు. ఆస్కార్ పోస్టర్ అబ్బాయి గదిలో అంటించాం.

కొన్నాళ్లు శాంతి అంటే ఏమిటో తొట్టిలోకి చూసి నేర్చుకున్నాం. తర్వాత ఏంజెల్స్‌లో రెండింటికి మనసులు కలిశాయి. ఫిల్టర్ గొట్టం మీద వరసగా గుడ్లు పెట్టి, ఇద్దరూ వంతులేసుకుని రెక్కలతో విసరడం మొదలుపెట్టాయి. ఆ క్షణం నుంచి సగం తొట్టి వాటిది. తోడబుట్టిన ఏంజెల్స్‌తో సహా మిగతా జనాభా అంతా ఎదురు మూలలో, రద్దీ బస్సు ఫుట్‌బోర్డు మీద ఉన్నట్టే. ఏ చేపా దేని నోట్లోనూ పట్టదు. వేడి అందరికీ సరిపోయింది. అంతస్తులూ సరిగ్గానే ఉన్నాయి.

మామయ్యకి చెబితే, “సీడు మనింట్లోనే పడుతోందన్నమాట!” అని మురిసిపోయాడు. నేను మాత్రం తొట్టి మధ్యలో పెట్టడానికి అద్దం పలక కొలతలు తీసుకుంటున్నాను. ఏ చేపకి ఏ చేపతో పడదో చెప్పే పట్టికలు లోకంలో బోలెడున్నాయి. మరీ బాగా పడితే ఏం చెయ్యాలో వాటిలో ఒక్కటీ చెప్పదు.