గోడలో కుంపటి

నన్ను చూడగానే ఆ పెద్దావిడ కొడుకుతో, "ఇదేంట్రా, గోడలో కుంపటి?" అంది. ఆర్నెల్లు ఉండిపోదామని గుడివాడ నుంచి వచ్చిందట. తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ అనే పేటలో, వరసగా అంటుకుని కట్టిన ఇళ్లల్లో ఒకటి మాది. ఫైర్‌ప్లేస్ అని పిలిపించుకుంటూ నూరేళ్లు దాటాక, ఆవిడ పెట్టిన పేరు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికి నేను నిప్పు మొహం చూసి యాభై ఏళ్ల పైమాటే.

నేను పుట్టింది స్కాట్లండులో, ఫాల్కిర్క్ దగ్గరి ఒక పోత కార్ఖానాలో. 1759లో కారన్ కంపెనీ పెట్టిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల ఎంతోమందికి ఇనుప పోతపనే బతుకుతెరువు. చెక్కతో చెక్కిన నమూనాను తడి ఇసుకలో అదిమి, పైకి తీసి, ఆ ఖాళీలోకి కరిగిన ఇనుము పోస్తారు. ఇసుక మీద గీత ఎంత సన్నగా పడితే నా మొహం మీద అంత సన్నగా దిగుతుంది. నా నుదుటి మీద ఒక పొద్దుతిరుగుడు పువ్వుంది. ఒక్కో రేకకీ నడిమి ఈనె విడిగా కనబడేలా ఆ చెక్కపని చేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. నా వీపు మీద ఉన్నది ఒక నంబరే. 1884 నుంచి బ్రిటన్‌లో నమోదైన నమూనాలకు వరస నంబర్లు ఇచ్చారు కాబట్టి, దాన్ని బట్టి నా నమూనా 1890ల నాటిదని ఈ ఇంటాయన తేల్చాడు.

ఆ కాలంలో ఈ ఇంటి ఇల్లాలు తెల్లారకముందే నా ముందు మోకాళ్ల మీద కూర్చుని బూడిద ఎత్తి, నల్ల ముద్ద రాసి, బ్రష్‌తో నిగనిగలాడించేది. దాన్ని బ్లాక్‌లెడ్ అనేవారు. పేరులోనే లెడ్డు, ఉన్నది గ్రాఫైట్. అసలు సీసం తర్వాత పూసిన రంగుల్లో వచ్చింది.

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్ మీద పొగమంచు కదలకుండా కూర్చుంది. అప్పటి లెక్కల్లోనే నాలుగు వేల మంది పోయారు. ఆ పొగలో నా పొగా ఉంది, దాచను. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది, ఆ తర్వాత ఇంటింటా బొగ్గు పొయ్యిలు ఆరిపోయాయి. నన్ను మూసినందుకు ఎవరి మీదా కోపం లేదు. రంగులు పూసినందుకే బాధ. గోధుమరంగు, ఆకుపచ్చ, మీగడ రంగు, దాని మీద రెండుసార్లు తెలుపు. పువ్వు పూడిపోయింది. ఆపైన హార్డ్‌బోర్డు బిగించేటప్పుడు ఎవరో వేసిన సుత్తిదెబ్బకి నా కమాను ఎడమపక్క బీటలిచ్చింది. పోత ఇనుము అంతే, వంగడం దానికి తెలియదు. ఎంత బరువైనా మోస్తుంది, ఒక్క దెబ్బకు పగులుతుంది.

ఇంటాయన ఆ బోర్డు ఊడదీశాక ముందు చేసిన పని పరీక్ష. రంగులో సీసం ఉందని తేలింది. పొడిగా గీకడం, సాండ్‌పేపర్ పెట్టడం, హీట్ గన్‌తో కాల్చడం అన్నీ మానుకున్నాడు. ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది మరి. గది తలుపు మూసి, నేలంతా ప్లాస్టిక్ పరిచి, మాస్కు పెట్టుకుని, రంగు తీసే ముద్దను నా ఒంటినిండా మందంగా పట్టించి పైన పల్చని కవరు కప్పాడు. తెల్లారి చూస్తే రంగు, ఉడికిన బంగాళాదుంప తొక్కలా చుట్టలు చుట్టుకుని వచ్చేసింది. రేకల సందుల్లోది మాత్రం మొండికేసింది. పాత టూత్‌బ్రష్షూ వెదురుపుల్లా పట్టుకుని మూడు ఆదివారాలు కూర్చున్నాడు. ఈనెలు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆయన మాట్లాడటం మానేసేవాడు.

ఒక రాత్రి నన్ను నీళ్లతో కడిగి, అలిసిపోయి, తుడవకుండా వెళ్లి పడుకున్నాడు. పొద్దున్నకి ఒళ్లంతా నారింజరంగు తుప్పు. పెద్దావిడ కాఫీ గ్లాసుతో వచ్చి చూసింది.

"దోసెల పెనం కడిగి తడితో వదిలేస్తావట్రా?"

"మర్చిపోయానమ్మా. పెనానికి రాసినట్టు నూనె రాయనా?"

"నిప్పు తగిలితే నూనె కంపు కొట్టదూ? ముందు తుడిచి ఆరబెట్టు. ఇనుముకి తడే శత్రువు."

ఆవిడ చెప్పింది నిజం. స్టీల్ పీచుతో తుప్పు వదిలించి, పొడిగుడ్డతో తుడిచి, ఆ పూటే గ్రాఫైట్ పాలిష్ పట్టించాడు. బ్రష్‌తో రుద్దేకొద్దీ నలుపులో వెండి మెరుపు తేలింది. "కాటుక పెట్టినట్టుంది" అని ఆవిడ పువ్వు మీద వేలు పెట్టి రాసి చూసింది. బీటను పనితెలిసిన ఒకాయన ఇత్తడి కరిగించి అతికాడు. దగ్గరికొస్తే ఆ పసుపు గీత ఇప్పటికీ కనబడుతుంది. దాన్ని కప్పొద్దన్నాడు ఇంటాయన, నాకూ అదే ఇష్టం.

కనబడని పనే పెద్దది. పొగగొట్టం ఊడ్పిస్తే పిట్టగూళ్లు బుట్టెడు దిగాయి. లోపల పొగ పెట్టి ఎక్కడా కారడం లేదని చూశారు. వెనక ఇటుక పగుళ్లను ఫైర్ సిమెంటుతో మెత్తారు. పొగను పైకి వదిలే నా గొంతులోని రేకు మసితో బిగుసుకుపోతే దాన్ని కదిలేలా చేశారు. గోడకి కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించారు. లండన్‌లో చాలాచోట్ల నాలాంటి తెరిచిన పొయ్యిలో కట్టెలూ మామూలు బొగ్గూ కాల్చకూడదు. పొగరాని ఇంధనమే వాడాలి.

మొన్న శనివారం సాయంత్రం చిన్న మంట వేశారు. సిమెంటు పచ్చిది, ఒక్కసారి వేడెక్కితే పగులుతుంది కాబట్టి చిన్నదే. నా వీపు వెచ్చబడుతుంటే బిగుతు కాస్త సడలి టిక్కుమన్నాను. పాప ఉలిక్కిపడింది. పెద్దావిడ శాలువా సర్దుకుని పీట దగ్గరికి లాక్కుని, రెండు అరచేతులూ నా వైపు చాపింది.