ఇందల్వాయి పిల్లుల సారు

నిజామాబాదు జిల్లా పల్లెల్లో ఎద్దుకు పొలాల అమావాస్య ఉంది. శ్రావణ మాసం చివరినాడు దాని కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, నైవేద్యం తినిపించి మొక్కుతారు. కరెంటు తీగ తగిలి చనిపోయిన కోతికి పాడె కట్టి, డప్పులతో సాగనంపి, పూడ్చిన చోట హనుమంతుని విగ్రహం నిలిపిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆచారం నోరు మెదపదు. దానిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని భయపెట్టిన పెద్దలు, అది తనంతట తాను చనిపోతే పెంచినవాడు ఏం చేయాలో చెప్పి పోలేదు; మైల లేదు, దినం లేదు, పరామర్శ అంతకన్నా లేదు. బతికుండగా ఎదురొస్తే అపశకునమన్న జంతువు ఇక ఎదురు రానందుకు ఏడ్వడం ఏ పద్ధతిలో అన్న సందేహం వారికి కలిగి ఉండవచ్చు. ఈ లోటును సొంత ఖర్చుతో పూడ్చుకొనే మనిషి ప్రతి మండల కేంద్రంలోనూ ఒకరైనా కనిపిస్తారు. ఇందల్వాయి వంటి చోట ఆయనకు లోకులు పెట్టే పేరు పిల్లుల సారు.

ఈయన సాధారణంగా పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. కొడుకు దుబాయిలో, కూతురు హైదరాబాదులో, భార్య వంటింట్లో, పిల్లులు మిగిలిన ఇల్లంతటా ఉంటాయి. ఆ పిల్లులలో కొని తెచ్చినది ఒక్కటీ ఉండదు. 2016లో మండలంగా ఏర్పడిన ఇందల్వాయికి ఒక పక్క శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, దాని మీద టోల్ ప్లాజా, దాని పొడవునా ధాబాలు, మరో పక్క సికింద్రాబాదు నుంచి నిజామాబాదు పోయే రైలు మార్గం, ఆవల అడవి ఉన్నందున, దిక్కులేని పిల్లికూన ఏ దిక్కు నుంచైనా రాగలదు. చలికాలపు రాత్రి వెచ్చదనానికి లారీ ఇంజను సందులో దూరిన కూన తెల్లవారేసరికి మరో జిల్లాలో కళ్లు తెరవడం రహదారి పక్క ఊళ్లకు కొత్త కాదు. అటువంటిదానిని టోపీలోనో, టవలులోనో, ఒక్కోసారి భార్య కొత్తగా కొన్న కూరగాయల సంచిలోనో ఇంటికి చేర్చడమే ఈ సందర్భంలో రక్షణ అనే మాటకు అర్థం. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని స్థాపించిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ పుణ్యమా అని, ఇలాంటి పనిని పూర్తిగా పిచ్చి కింద జమ కట్టడం చదువుకున్నవారు మానుకున్నారు. సారు ఇంటి అరుగు దాకా ఆ సంస్కారం ఇంకా రావలసి ఉంది.

చనిపోయిన పిల్లుల పేర్లను బట్టి ఆ ఇంటి చరిత్రను కాలక్రమంలో పెట్టవచ్చు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఎవరో బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్నది శక్కరమ్మ; 2021 ఫిబ్రవరిలో టోల్ గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పుడు దొరికి, ఏ తలుపు దగ్గరా ఆగకుండా లోపలికి దూసుకువచ్చినది ఫాస్టాగు. ఈ రెండింటి మధ్య ఏలిన ధాబా రాణి, మాల్‌గాడి మొదలైనవారి వంశావళి సారుకు కంఠస్థం. పక్కనే ఉన్న సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన జానకీబాయి దొరసాని కాలం అడిగితే తడుముకొనే ఈ పెద్దమనిషి, కూతురి పెళ్లి ఎప్పుడైందని అడిగితే మాత్రం మాల్‌గాడి రెండో ఈత అయిన నెల అని తడుముకోకుండా చెబుతాడు.

పిల్లి పోయిన ఇంటికి వచ్చిన పొరుగువారికి ఏం మాట్లాడాలో తెలియదు. "పోతె పోయింది సారూ, పిల్లులకేం కరువు, ఇంకోటి దొరుకుతది" అనడం వారికి తెలిసిన ఓదార్పు. మీ నాయిన పోయిన నాడు నేను గిట్లనే అన్ననా అన్న జవాబు సారు నాలుక చివరి దాకా వచ్చి, నలభై ఏళ్ల మర్యాదకు తట్టుకొని ఆగిపోతుంది. ఆ ఆగిన జవాబే ఉపన్యాసంగా బయటపడుతుంది. నిచ్చెన అడుక్కుపోదామని వచ్చినవాడు పాన్‌ల్యూకోపీనియా, అనగా తెల్లరక్తకణాలను హరించి పిల్లికూనలను రోజుల్లో పొట్టన పెట్టుకొనే వైరస్ వ్యాధి గురించీ, దానికి టీకా ఉన్న సంగతి గురించీ విని పోవలసిందే. మనిషి జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ బిళ్లను విచ్ఛిన్నం చేయడానికి తగిన శక్తి పిల్లి కాలేయానికి లేదనీ, ఒక్క బిళ్లతోనే ప్రాణం పోగలదనీ ఆయన చెప్పేది అక్షరాలా నిజం. వినేవాడి ఇంట్లో పిల్లి లేకపోవడం ఆయనకు అడ్డంకి కాదు. రహదారి మీద పోయిన పిల్లిని గురించి చెప్పేటప్పుడు మాత్రం సారు గొంతులో దుఃఖంతో పాటు కొంత హోదా వినిపిస్తుంది, ఎందుకంటే అది ఊరి సందులో సైకిలు కింద పడి పోయినది కాదు, దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి మీద పోయినది.

ఖననం ఇంటి పెరట్లోనే జరుగుతుంది. ఒక్కొక్క పిల్లి మీద ఒక్కొక్క మొక్క నాటడం నియమం. గన్నేరు కింద ధాబా రాణి, మల్లె కింద మాల్‌గాడి, జామచెట్టు కింద శక్కరమ్మ ఉన్నారు. గోడ దూకి జామకాయలు కోసే పిల్లలను సారు తిట్టడు, కానీ తిన్నవాడిని ఆపి ఆ చెట్టు కింద ఎవరున్నారో చెబుతాడు; కావలి కుక్కకన్నా ఇది బాగా పనిచేస్తుంది. కరివేపాకు మాత్రం ఎవరి మీదా నాటకూడదని ఇల్లాలి శాసనం, ఆ ఇంట్లో ఉల్లంఘన ఎరుగని శాసనం అదొక్కటే.

పెత్తరమాస, అనగా బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్యనాడు తెలంగాణలో పెద్దల పేరు మీద బియ్యమూ కూరగాయలూ ఇచ్చే ఆచారం ఉంది. సారు తల్లిదండ్రుల పేర్లు చెప్పిన తరువాత గొంతు తగ్గించి మరో నాలుగు పేర్లు చేర్చినప్పుడు, బియ్యం తీసుకొనే అయ్యగారికి గోత్రం అడగక తప్పదు. సారు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: గోత్రం తెలియనివారు కశ్యప గోత్రమే చెప్పుకోవాలి గదా, పైగా పురాణాల ప్రకారం పశుపక్ష్యాదులకు కూడా కశ్యపుడే తండ్రి. శాస్త్రం ఎదురు తిరగకపోవడంతో అయ్యగారు ఫాస్టాగు పేరు పలకవలసి వస్తుంది. అప్పటికీ సందేహించేవారికి సారు హెరొడోటస్‌ను చూపిస్తాడు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు ఆ గ్రీకు చరిత్రకారుడు, ఈజిప్టులో పిల్లి చనిపోతే ఇంట్లోవారంతా కనుబొమలు గొరిగించుకుంటారని రాశాడు. ఇంగ్లీషు నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ తన పిల్లి హాడ్జ్ కోసం స్వయంగా వెళ్లి ఆయిస్టర్లు కొనేవాడనీ, లండన్‌లో ఆయన ఇంటి ముందు 1997లో ఆ పిల్లికి కంచు విగ్రహం పెట్టారనీ కూడా చెబుతాడు. కనుబొమల సంగతి విన్ననాటి నుంచి ఇల్లాలు మంగలిని ఇంటికి రానివ్వడం లేదు.

సంస్మరణ ముదిరేకొద్దీ చరిత్ర మాహాత్మ్యంగా మారడం, అనగా జరిగినదానికి బదులు జరగవలసినది రికార్డుకు ఎక్కడం, ఈ రకపు మనుషులందరిలోనూ కనిపించే లక్షణం. బతికుండగా పాలగిన్నె దొంగ అయిన పిల్లి, పోయిన నెలకు పెట్టినదే తినే సాధువు అవుతుంది. ఏడాది తిరిగేసరికి శనివారం నీసు ముట్టనిది అవుతుంది. ఒక్క ఎలుకనైనా పట్టలేకపోయిన దాని చేతకానితనం అహింస అనిపించుకుంటుంది. ఫోనులో జాగా లేదని సూచన వచ్చినప్పుడు సారు పెళ్లి ఫోటోలు తీసేస్తాడు గాని, కళ్లు మాత్రమే మెరుస్తూ మిగిలినదంతా చీకటిగా ఉన్న మాల్‌గాడి ఫోటోలు పన్నెండింటినీ ఉంచుతాడు.

ప్రతి మరణం తరువాత ఇక పిల్లిని పెంచేది లేదని ఒట్టు పెట్టుకోవడం ఆనవాయితీ. కాటి దగ్గర పుట్టి ఇంటికి వచ్చి స్నానం చేయగానే పోయే విరక్తిని శ్మశాన వైరాగ్యం అంటారు; సారు వైరాగ్యం అంతకన్నా గట్టిది, గోడ అవతల మరో కూన అరిచేదాకా నిలుస్తుంది. కొత్తగా వచ్చిన ఆ కూనకు చనిపోయినవారి మాహాత్మ్యంతో పోటీ పడక తప్పదు. అది కొర్రమట్ట కూర గిన్నెలో మూతి పెట్టిన నాడు సారు నిట్టూర్చి, "ఫాస్టాగు ఉన్నప్పుడు మూత తీసి పెట్టినా అటు సూడకపోతుండె" అంటాడు.

"మీ చెల్లె వచ్చిన నాడు ముక్కలన్నీ మాయంజేసి ఉత్త పులుసు మిగిల్చింది ఎవరు మరి?" అని అడుగుతుంది ఇల్లాలు.

"ఆ నాటి చేపలు మంచియి గావు. మనం తిని బీమారు పడుతమని అది తిన్నది."