గ్రహం ఎన్ని సెంట్లు?

కొత్త గ్రహం దొరికింది. గాలుంది, నీళ్లున్నాయి, పిట్ట జాడ లేదు. మనవాళ్లు నౌక దిగీ దిగగానే గొలుసు లాగారు. హైదరాబాదాయన కుంటల్లో కొలిచాడు, గుంటూరాయన సెంట్లలో, నెల్లూరాయన అంకణాల్లో. కుంటకి 121 గజాలు, సెంటుకి 48.4, అంకణం దగ్గర మాత్రం మాటామాటా పెరిగింది. మూడు లెక్కలూ కలిపితే గ్రహం ఉన్నదానికంటే పెద్దదని తేలింది.

నవ్వకండి. 1999లో నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ తొమ్మిది నెలలు ప్రయాణించి, తీరా అంగారకుడి దగ్గర గల్లంతైంది. ఒక జట్టు పౌండ్లలో పంపిన లెక్కని ఇంకో జట్టు న్యూటన్లనుకుంది మరి! అంతకు రెండేళ్ల ముందు యెమెన్‌లో ముగ్గురు నాసా మీద దావా వేశారు, అంగారకుడు మా తాతముత్తాతల ఆస్తి, మీ బండి ఎలా దింపారని. వాళ్లెవరో మనకి దూరపు చుట్టాలై ఉంటారు.

సరే, మనవాళ్లు గొడవపడుతూనే కొండ దాటారు. అవతల ఒక బోర్డు, ఒక పక్కకి ఒరిగి, తుప్పుపట్టి: ‘ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది.’ కింద ఫోన్ నంబరు. ఎస్టీడీ కోడ్ మన ఊరిదే.