ఎవరూ తీసుకోని నా అయిదు వేలు

రిజర్వు బ్యాంకు గవర్నరు గారి దివ్యసముఖానికి,
బళ్ళారి కౌల్ బజార్‌లో జీన్సు ప్యాంట్లు కుట్టించి బతికే ఒక ఖాతాదారుడి మనవి.

విషయం: ముందే బాడుగ కట్టిన గదికి మళ్ళీ ఆపిన 5,000 రూపాయలు.

అయ్యా,

హంపి చూడవచ్చిన చుట్టాల కోసం హొసపేటెలో ఒక హోటల్ గది తీసుకున్నాను. బాడుగంతా బుక్ చేసినప్పుడే కట్టేశాను. అయినా కౌంటర్లో కుర్రాడు "ఊరికే ఫార్మాలిటీ అన్నా" అని డెబిట్ కార్డు గీకాడు. చీటీ మీద 'సేల్' అని లేదు, 'ప్రీ ఆథ్' అని ఉంది. అంటే అయిదు వేలు కోయకుండా ఖాతాలోనే ఆపి ఉంచడం, హోల్డ్ అన్నమాట. మావాళ్ళు నీళ్ళ బాటిల్ కూడా ముట్టకుండా గది ఖాళీ చేశారు. డబ్బు మాత్రం ఖాళీ కాలేదు.

హోటల్‌ వాళ్ళు "మాకు రూపాయి రాలేదన్నా, మీ బ్యాంకులోనే ఉంది" అంటారు. నిజమే. బ్యాంకు వాళ్ళు "మేం కోయలేదు సార్, ఆపామంతే. హోటల్ వాళ్ళు క్యాన్సిల్ కొట్టాలి" అంటారు. అదీ నిజమే. ఇద్దరూ సత్యహరిశ్చంద్రులే. శనివారం కూలి అడిగే టైలర్లకు నేనేం చెప్పేది?

2019 సెప్టెంబరు 20న తమరు ఒక మంచి సర్క్యులర్ ఇచ్చారు. దుకాణంలో కార్డు గీకి, డబ్బు పోయి, చీటీ రాకపోతే 5 రోజుల్లో వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. నా ఖర్మ, నా లావాదేవీ దివ్యంగా సఫలమైంది! చీటీ కూడా వచ్చింది. పోనీ, అనధికార లావాదేవీ అందామా అంటే, పిన్ను నేనే నొక్కాను.

ఎవరిదో తేలని సొత్తు మా ఊరికి కొత్త కాదు. 1953లో బళ్ళారి తాలూకా ఆంధ్రకా, మైసూరుకా అని జగడమైతే జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారించారు. అక్టోబరు 1 నాటికి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, బళ్ళారి ఇటు అయిపోయాయి. తాలూకానే తేల్చిన దేశంలో అయిదు వేలు తేలవా?

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. 30 రోజుల్లో జవాబు రాకుంటే అంబుడ్స్‌మన్ గడప ఎక్కవచ్చని తమరి పథకం చెబుతోంది. "అప్పటికి గడువు తీరి హోల్డ్ దానంతటదే పోతుంది, ఫిర్యాదే మిగలదు" అని బ్యాంకు మేనేజరు ధైర్యం చెప్పారు.

కాబట్టి కోరేది ఇంతే. గది ఖాళీ చేసిన రోజే హోల్డ్ వదలాలి. హోటల్ వదలకపోతే వదిలించే పూచీ కార్డిచ్చిన బ్యాంకుదే కావాలి. ఆలస్యానికి ఆ 100 రూపాయల లెక్కే వర్తించాలి.

ఇట్లు,
బ్యాలెన్సులో లక్షణంగా కనబడుతూ వాడకానికి రాని సొమ్ము గల
తమ విధేయుడు